మేకలోకి పోని రాళ్లు

ఎంబా కార్సో ఎవరి గుమ్మమూ తొక్కే మనిషి కాదు. రోగాలే ఆయన గుమ్మం వెతుక్కుంటూ వచ్చేవి. ఊరంతా తాతకిచ్చే మర్యాదతో ‘ఎంబా’ అని పిలిచే ఆ పెద్దమనిషి, ఆ మంగళవారం పొద్దున్నే కుడి డొక్క పట్టుకుని క్లినిక్ మెట్లెక్కుతుంటే, పిల్లల్ని తూకం వేయించడానికి వచ్చిన ఆడవాళ్లు మాటలు ఆపేశారు.

నర్సు రుమ్యాతి తూకం కొక్కేనికి వేలాడుతున్న పసివాణ్ణి దించి తల్లి చేతికిచ్చింది.

“రండి ఎంబా, కూర్చోండి. మేక ఏదీ?”

ఎవరో కిసుక్కుమన్నారు.

ఆ చుట్టుపక్కల కొండ ఊళ్లన్నిటికీ ఆయనే వైద్యుడు. కడుపులో రాళ్లున్నాయంటే మేకను తెమ్మంటాడు. దాన్ని రోగి పొట్టకేసి రుద్ది, ఏదో చదివి, అక్కడే కోస్తాడు. మేక కాలేయంలోంచి రాళ్లు తీసి చూపిస్తాడు. నీ రోగం దీనిలోకి పోయింది, లేచి వెళ్లమంటాడు.

ఏడేళ్ల కిందట రుమ్యాతి తల్లికీ అలాగే నాలుగు రాళ్లు తీసి చూపించాడు. అప్పటికి రుమ్యాతి సెమరాంగ్ పట్నంలో నర్సింగ్ చదువుతోంది. ఆపరేషన్‌కి అన్నీ సిద్ధం చేసుకుని వస్తే తల్లి రానంది. పోయిన రాళ్లకి కోత దేనికే అని నవ్వింది. మూడు నెలలకి పిత్తాశయం పగిలి ప్రాణం పోయింది.

శవం పక్కన నిలబడి ఎంబా ఒకే మాటన్నాడు. “కూతురి అనుమానం అడ్డుపడింది. లేకపోతే బతికేది.”

ఊరు ఆ మాటే పట్టుకుంది. పెద్దమ్మ సరింతెన్ అయితే ఆనాటి నుంచీ రుమ్యాతిని పలకరించలేదు. ఇప్పుడు కూడా మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని వరండా చివర మొహం తిప్పుకునే కూర్చుంది.

ఎంబా చొక్కాలోంచి అంటించి ఉన్న కవరు తీశాడు. ఆయనకి చదువు రాదు.

“పెద్దాసుపత్రి డాక్టరు నీకిమ్మన్నాడమ్మాయ్. ఒళ్లు తెలియని జ్వరంలో మావాళ్లు మోసుకెళ్లి పడేశారు. టైఫాయిడ్ అన్నారు. పద్నాలుగు రోజులు యాంటీబయాటిక్ సూదులు పొడిచారు. జ్వరం పోయింది గానీ, డొక్కలో ఈ నొప్పి పట్టుకుంది. స్కాన్ తీసి రాళ్లన్నాడు. మిగతాది గబగబా పట్నం భాషలో ఏదో వాగాడు. నా బుర్రకెక్కలేదు.”

రుమ్యాతి ఉత్తరం రెండుసార్లు చదివింది. మడిచి జేబులో పెట్టుకుంది.

“సూదులు ఆపి ఎన్నాళ్లయింది?”

“మూడ్రోజులు.”

“అయితే ఆలస్యం చేయడానికి లేదు,” అంది.

ఎంబా మొహంలో నెత్తురు చుక్క లేదు. “ఆపరేషన్‌కి రాసివ్వమ్మా. నీ ముద్ర లేకపోతే ఉచితంగా చేయరట.”

“ఆపరేషనా? మీకా?” రుమ్యాతి గొంతు వరండా అంతా వినిపించింది. “మీ కొట్టంలో ఆరు మేకలున్నాయిగా ఎంబా. మా అమ్మకి ఒక్కటే సరిపోయింది.”

“ఎగతాళికి ఇదా సమయం?”

“ఎగతాళి కాదు. వీళ్లంతా మిమ్మల్ని నమ్ముకున్నవాళ్లు. మీరే వెళ్లి కత్తి కింద పడుకుంటే వీళ్లకి నేనేం చెప్పను?”

“అదే కదా!” అంది ఒక బాలింత. “మొన్న మా ఆయనకి మేకలోంచి ఎనిమిది తీశారు!”

ఎంబా గొంతు తగ్గించాడు. “లోపలికి పద. మాట్లాడుకుందాం.”

“ఇక్కడే చెప్పండి. లోపల వినేవాళ్లెవరూ లేరు.”

నొప్పి మెలిపెట్టినట్టుంది, ముసలాయన బల్ల అంచు పట్టుకుని వంగిపోయాడు. చెమటలు కారుతున్నాయి.

“ఇది... పగులుతుందా?”

“మా అమ్మకి పగిలింది.”

అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు రుమ్యాతి. కాగితం ముందుకు లాక్కుని, కలం పట్టుకుని కూర్చుంది.

“మేకలో ఏమీ ఉండవు,” అన్నాడు ఎంబా, నేలకేసి చూస్తూ.

“వెనకవాళ్లకి వినపడలేదు.”

“మేకలో రాళ్లుండవు! నా గుప్పిట్లో ఉంటాయి. వాగులో ఏరినవి.”

“మా అమ్మకి చూపించినవి?”

“అవీ వాగువే.”

“మరి నా అనుమానం అడ్డుపడిందన్నారు?”

“ఆవిడ పోయింది. జనం నన్ను తంతారని భయం వేసింది. నీ మీదకి తోసేశాను.”

వరండాలో ఒక్కసారిగా అందరూ లేచారు. “ముసలి దొంగా! మా మేకలన్నీ కోసుకు తిన్నావు కదరా!” అని ఎవరో చెప్పు తీశారు. ఇంకెవరో ఆపారు.

సరింతెన్ మాత్రం ఎంబా వైపు చూడను కూడా లేదు. మెల్లగా నడిచి వచ్చి, మనవణ్ణి రుమ్యాతి చేతుల్లో పెట్టింది.

“వీణ్ణి తూచవే తల్లీ,” అంది.

ఏడేళ్ల తర్వాత పెద్దమ్మ అన్న మొదటి మాట అది. రుమ్యాతి పిల్లవాణ్ణి జాగ్రత్తగా తూచింది. ఎనిమిది కిలోల రెండు వందలు. కార్డులో రాసింది. 

“ఇప్పుడైనా రాసిస్తావా?” ఎంబా దీనంగా అడిగాడు.

రాసింది. ముద్ర వేసింది. ఆయన దాన్ని రెండు చేతులా అందుకుని నుదుటికి ఆనించుకున్నాడు.

ఆయన చదవలేని ఆ కాగితంలో ఉన్నది ఒకే ఒక్క వాక్యం: “డాక్టరుగారూ, టైఫాయిడ్ సూదుల వల్ల పట్టిన ఈ రాళ్లు సూదులు ఆపేశాక కొన్ని వారాల్లో వాటంతటవే కరిగిపోతాయనీ, ఆపరేషన్ అక్కర్లేదనీ మీరు నాకు రాసిన సంగతి ఇక ఈయనకి చెప్పేయవచ్చు.”