ఆయిల్ దిగే దారి

"మళ్లీ పొగేనా?" అన్నాడు మీరావలి, జీపు ఇంకా ఆగకముందే.

"మళ్లీ గదే భాయ్," అన్నాడు ఆశన్న దిగుతూ.

ఐదు నెలల్లో ఇది ఐదోసారి. జీపు చిన్న అర్బాబుది, అంటే ఆశన్న చిన్న యజమానిది. ఇసుక దిబ్బలు ఎక్కే సరదాకి దాని ఇంజినుకు టర్బో పెట్టించుకున్నాడు. పెట్టింది మీరావలే. అప్పటినుంచీ బాగుచేసి పంపడం, నెల తిరక్కుండానే పొగగొట్టం లోంచి నీలం పొగ రావడం. ధైద్ అవతల ఖర్జూరపు తోట నుంచి షార్జా గ్యారేజీ దాకా దాన్ని తోలుకురావడం డ్రైవరు ఆశన్న వంతు.

ఈసారి చిన్న అర్బాబు ఊరికే పంపలేదు.

"మెకానిక్ మంచోడే. నువ్వే తిన్నగా తోలడం లేదు. ఇంకోసారి పొగ కనబడిందా, నీ వీసా ఖలాస్," అన్నాడు. పోయినసారీ ఇదే మాట అన్నాడు గానీ, అప్పుడు నవ్వుతూ అన్నాడు.

దుబాయ్ జెబెల్ అలీలో రెండేళ్లు సిమెంటు బస్తాలు మోసి, భుజాలు కాయలు కాశాక దొరికిన స్టీరింగు అది. పోతే జగిత్యాల పక్కన ఊళ్లో భార్య కిష్టవ్వ చుట్టే బీడీల మీద పడి బతకాలి. ఈ బెదిరింపు సంగతి ఆశన్న మీరావలికి చెప్పలేదు. చెబితే ఆ మనిషి అన్నం మానేసే రకం.

మీరావలిది నెల్లూరు. జీపు కిందికి దూరి, అక్కణ్నుంచే మొదలుపెట్టాడు.

"ఆయిల్‌ని టర్బోలోకి ఎక్కించేదానికి పంపుండాది. కిందికి దిగేదానికి ఏముండాది? దాని బరువే. దారి ఏటవాలుగా ఉండాల, వెడల్పుగా ఉండాల, యాడా అడ్డం తగలకూడదు. దిగలేదనుకో, ఆడే నిలబడి పొగైపోద్ది."

"గిది పోయినసారే చెప్పినవ్ గద."

"మళ్లీ చెప్తా. నా మాట వినేదానికి ఈడ ఇంకెవురుండారబ్బా?"

అదీ నిజమే. షార్జా రోలాలో మీరావలి ఉండే గదిలో ఎనిమిది మంది. మిగతా వాళ్లలో ఒక్కడికీ తెలుగు రాదు. ఆశన్న సంగతి మరీ అన్యాయం. తోటలో ఉన్నది ఒక బలూచీ కాపలాదారు, నలభై మేకలు. మేకలతో అతను తెలుగులోనే మాట్లాడతాడు. పాపం, వింటాయి గానీ బదులు చెప్పవు. నెల తిరిగేసరికి నోరు మూతపడిపోయినట్టు ఉంటుంది.

మీరావలి చేయని వైద్యం లేదు. ఆయిల్ ఎక్కువ ఎక్కుతోందేమోనని, ఎక్కే గొట్టంలో సన్న బెజ్జమున్న బిళ్ల వేశాడు. తర్వాత దిగే పైపు లావుది మార్చాడు. ఆ తర్వాత దాని వాలు సరిచేశాడు. పోయినసారైతే పైపు చివర ఆయిల్ మట్టానికి పైన కలిసేలా ఇంజిను కింద ఆయిల్ చాంబరుకు కొత్త బెజ్జమే పెట్టాడు. అయినా పొగ.

పాత ఆయిల్ కారిపోయేదాకా ఇద్దరూ చాయ్ తాగారు. చేపల పులుసులో మామిడికాయ పడాలా వద్దా అని మొదలై, మాట ఊళ్లో వానల దాకా పోయింది. "గట్ల గాదు భాయ్," అని ఆశన్న అంటే, "మీ తెలుక్కి తర్జుమా కావాలబ్బా," అని మీరావలి పగలబడి నవ్వాడు. సొంత దేశంలో అయితే ఈ ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడి ఉండేవాళ్లే కాదు.

చాయ్ అయ్యాక మీరావలి మళ్లీ కిందికి వెళ్లాడు. ఆయిల్ దిగే రబ్బరు పైపును ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్లతో తడిమాడు. నడుమ ఒకచోట నొక్కుకుపోయిన గీత మీద వేళ్లు ఆగాయి.

"ఇనప పైపు వేసేస్తే ఈ పీడ వదిలిపోద్ది ఆశన్నా," అన్నాడు చివరికి. "మళ్లీ ఇటు రాబళ్లేదు నువ్వు. వేసేదా?"

వెయ్యమనాలి. ఉద్యోగం కావాలంటే వెయ్యమనే అనాలి.

"నీ ఇష్టం భాయ్."

"ఇంజిను అదురుడికి ఇనపది పగిలిపోద్దిలే. రబ్బరుదే ఉండనీ," అన్నాడు మీరావలి కింద నుంచే.

కొత్త ఆయిల్ పోసి ఇంజిను స్టార్ట్ చేశారు. పావుగంట నడిపారు. పాత మరక కాలిపోయాక పొగ ఆనవాలే లేదు. ఇంజిను ఆపించి, "నట్టు బిగించానో లేదో," అంటూ మీరావలి ఇంకోసారి కిందికి దూరి వచ్చాడు. చేతులు తుడుచుకుని ఆశన్న చెయ్యి పట్టుకున్నాడు. వెంటనే వదల్లేదు.

"యల్లా. పొయ్యిరా."

ఆశన్న బయల్దేరాడు. షార్జా ఇళ్లు వెనకబడ్డాయి. రోడ్డుకు రెండు పక్కలా ఇసుక తప్ప ఏమీ లేదు. ముందు తోట, మేకలు, మళ్లీ ఆ మౌనం. బండి బాగైనందుకు ఏడుపొచ్చిన డ్రైవరు ఆ రోడ్డు మీద అతనొక్కడే అయి ఉంటాడు.

ఎవరూ లేని చోట జీపు పక్కకు ఆపి, గ్యారేజీకి వచ్చేముందు విప్పి దాచిన తీగతో ఎప్పటిలాగే ఆ రబ్బరు పైపును బిగించి కట్టేద్దామని ఆశన్న బానెట్ ఎత్తేసరికి, మీరావలి దాన్ని ముందే కట్టేసి ఉంచాడు.