మొదటి లాంతరు

"అది నీకు మాత్రం పెట్టనివ్వను నాన్నా!" అంది మా అమ్మాయి మిసుజు ఆసుపత్రిలో.

నా పొట్టలోని పెద్ద రక్తనాళం బుడగలా ఉబ్బింది. అందులో వేసే కొత్త గొట్టాన్ని కనిపెట్టింది నా బంగారుకొండే! మా గిఫు ఊళ్లో నేను చేసే కాగితం లాంతరులాగే మడతపడి, తొడలోంచి సన్నగా దూరిపోయి, కావలసిన చోట విచ్చుకుంటుంది. డాక్టర్లు సరేనన్నారు. ఇదొక్కతే మొండికేసింది.

"ఇంతవరకూ ఏ మనిషికీ పెట్టలేదు. లోపల విచ్చుకోకపోతే?"

"అయితే మొదట ఎవరి నాన్నకి పెడతావే?"

నా జబ్బు నయం కావాలని మడిచి తెచ్చిన కాగితపు కొంగల దండ నా ఒళ్లో పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. దండ విసిరికొట్టాను.

"నీ మడత మీద నీకే నమ్మకం లేదు. ఈ కొంగలు నన్ను కాపాడతాయా?"

"మొండి ముసలాడా!" అని ఏడుస్తూనే ఒప్పుకుంది.

ఆపరేషనయ్యి నేను కళ్లు తెరిచేసరికి ఎదురుగా అదే, ముక్కు ఎర్రగా.

"విచ్చుకుంది నాన్నా!"

ఆనందం పట్టలేక ఇంకా గట్టిగా కసిరాను. "విచ్చుకోదూ మరి! కొత్త అచ్చు మీద చేసిన మొదటి లాంతరు ఎక్కడ కడతాం? మన గుమ్మానికే! గాలివానకి నిలిచాకే బజారుకి. మరిచిపోయావా? పో, ఇక అందరి నాన్నలకీ పెట్టు!"