మూడో కార్డు

“ఏటి టీచరమ్మా, అచ్చరాలన్నావు. ఇయన్నీ ఖాళీ డబ్బాలు గదా,” అన్నాడు గాసి తాత.

నిజమే. టీవీ తెర మీద సవర అక్షరాలు ఉండాల్సిన చోట చదరపు గళ్లు వరసగా నిలబడి ఉన్నాయి. స్వర్ణ ఉసూరుమంటూ బల్ల వైపు చూసింది. కంప్యూటరంటే పెద్ద పెట్టె అనుకునేరు. హాజరుపట్టీ, ముద్రల ప్యాడూ పక్కకు జరిపి చోటు చేసిన ఆ బల్ల మీద ఉన్నది పేకముక్కల కట్టంత పచ్చటి బోర్డు, ఒక కీబోర్డు, ఎవరో ఇచ్చిన పాత టీవీ. సీతంపేట పైన కొండ మీద ఉన్న ఆ బడికి అమరింది అంతే.

బోర్డుతో పాటు సాలూరు కంప్యూటర్ల కొట్టు భాస్కర్ మూడు మెమరీ కార్డులు ఇచ్చాడు. ఒక్కోదాంట్లో ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్. మూడూ లినక్సే గానీ, ఒకే తల్లి పిల్లలైనా ఎవరి గుణం వాళ్లదేనట. ఏది కుదిరితే అది ఉంచుకుని మిగతావి పంపేయమన్నాడు. మూడోది ముసలిది, హంగులేవీ ఉండవు, అది మీకెందుకులెండి మేడమ్ అని చెప్పి మరీ ఇచ్చాడు.

మొదటి కార్డులో హంగులకు లోటు లేదు. అది తెరుచుకునేలోగా ఉలవలు ఉడికిపోతాయి. తీరా తెరుచుకున్నాక ఈ డబ్బాలు.

స్వర్ణ బెంగకు కారణం ఉంది. నిరుడు పట్నంలో అచ్చయి వచ్చిన సవర వాచకంలో రెండక్షరాల తోకలు తప్పు పడ్డాయి. ఆ ఊళ్లో అక్షరాలు చదువుకునేవే కాదు, మొక్కేవి కూడా. ఇరవై నాలుగింటినీ రాతి మీద చెక్కి గుడి కట్టుకున్నారు. ఆ గుడికి పెద్ద గాసి తాత. చెడిన అక్షరాన్ని పిల్లల చేతికి ఇవ్వకూడదు, అలాగని పారేయనూ కూడదు. అందుకే పుస్తకాల కట్టను తెల్లగుడ్డలో చుట్టి గుడి అటక మీద పెట్టేశారు. ఏడాది పొడుగునా పిల్లలు తమకు రాని తెలుగు వింటూ బిక్కమొహాలేసుకుని కూర్చున్నారు. ముగ్గురు బడి మానేశారు.

ఈసారి వాచకం స్వర్ణే తయారు చేస్తోంది. అక్షరాలు సరిగ్గా ఉన్నాయని గుడి పెద్ద ఒప్పుకున్న కాగితం సోమవారానికి విద్యాశాఖ ఆఫీసుకు చేరకపోతే ఈ ఏడూ సవర తరగతి లేనట్టే.

మర్నాడు రెండో కార్డు పెట్టింది. అది చురుకైనది, అక్షరాలూ వచ్చాయి. తాత కాళ్లూ చేతులూ కడుక్కుని, కళ్లకు నీళ్లద్దుకుని వచ్చి తెర ముందు కూర్చున్నాడు. ఒక్కో అక్షరం వెంటా గాలిలో వేలితో గీస్తూ పోయాడు. పేజీకి అరగంట. ప్రతి మాట దగ్గరా ఆగి, “నీ నోటితో ఒకపాలి సదువు తల్లీ,” అనేవాడు. పలకడంలో పిసరు తేడా వచ్చినా దిద్దేవాడు. టీచరు ఉద్యోగం పరీక్ష రాసినప్పుడు కూడా స్వర్ణకు అంత చెమట పట్టలేదు.

తొమ్మిదో పేజీలో వేలు ఆగిపోయింది.

“ఈ అచ్చరానికి ఒంపు లేదు. కాలిరిగినట్టుంది.”

ఎంత చూసినా ఆమెకు తేడా తెలియలేదు. ఫోనులో ఫొటో తీసి, పెద్దది చేసి, గుడి రాతితో పోల్చి చూస్తే తాత మాటే రైటు. సిగ్నల్ కోసం గుట్టెక్కి ఫోన్ చేస్తే, ఆ సిస్టమ్‌తో వచ్చిన అక్షరాల ఫాంటులోనే లోపం ఉందన్నాడు భాస్కర్.

ఇంటికెళ్లాక ఆ పేజీ ఫొటో మళ్లీ చూస్తుంటే మరో తప్పు బయటపడింది. కోడి బొమ్మ కింద తనే పంది అన్న మాట టైపు చేసేసింది. పైగా తాత ముందు బొమ్మ చూసి కోడి అని సవరలో గడగడా చదివేసింది కూడా. వెంట్రుకవాసి ఒంపు పట్టేసిన మనిషికి అంత తప్పు కనబడకుండా ఉంటుందా? తన తప్పు తానే తెలుసుకోవాలని ఊరుకున్నాడన్నమాట. గురువంటే అలా ఉండాలి అనుకుని, ఉన్నచోటి నుంచే ఆయనకు దండం పెట్టుకుంది.

ఇక మిగిలింది భాస్కర్ వద్దన్న ముసలిది. బూడిదరంగు తెర, మీద రెండే రెండు గుర్తులు. చూడ్డానికి ఏమీ లేదు గానీ పని దగ్గర గట్టి పిండమే. పొద్దుట్నుంచి రెండుసార్లు కరెంటు పోయినా కిమ్మనకుండా మళ్లీ లేచి కూర్చుంది. కోడి బొమ్మ కింది మాట ఆమె సరిచేశాక, తాత మొదటి పేజీ నుంచీ మళ్లీ చూశాడు. ఆమె చదివింది, ఆయన దిద్దాడు. సాయంత్రం గంట కొట్టే వేళకు చివరి అక్షరం దగ్గర వేలు తీసి, రెండు చేతులూ జోడించి తెరకు మొక్కాడు.

“రాతి మీదున్నట్టే ఉన్నాయి. ఇరవై నాలుగూ సల్లగా ఉన్నాయి,” అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. “మా అయ్య మొక్కినాడు, నాను మొక్కినాను. ఈ బడి గుంటలు సదువుతారు. నీ రునం తీర్సుకోలేం తల్లీ.”

స్వర్ణ ఆయన చేతులు పట్టుకుంది.

“రుణం నాది తాతా. మీరు దగ్గరుండి చదివించబట్టే గదా నాకు ధైర్యం వచ్చింది.”

తాత తల వంచుకుని నవ్వాడు.

ఆమె ఆఫీసు కాగితం తీసి అడుగున ఉన్న గీత చూపించింది. సంతకం అక్కడ చేయాలని చెప్పి, తన మంచి పెన్ను మూత తీసి అందించింది. ఆయన పెన్నును కళ్లకద్దుకుని, జాగ్రత్తగా తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు.

గాసి తాత వేలిముద్ర వేశాడు.