బొటనవేలి ముద్ర

"ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేసిచ్చినావా, లేదా?" నరసప్ప తరఫు వకీలు గురురాజారావు అతని అంగీ పట్టుకొని గోడకు అదిమాడు. అంగీ ఎడమ చెయ్యి ఖాళీగా ఊగింది.

"యా కాగితం మీదా ఎయ్యలేదు సామీ."

ఆదోని పత్తి జిన్నింగు మిల్లులో బెల్టుకు చిక్కి ఆ చెయ్యి మోచేతి దగ్గర తెగిపడి నాలుగు నెలలైంది. ఇవాళ నష్టపరిహారం కేసులో మిల్లువాళ్లు కోర్టులో ఒక కాగితం పెట్టారు. తాగి మిషను దగ్గరికి పోయాను, తప్పు నాదే అని నరసప్ప ఒప్పుకున్నట్టు. కింద ఎడమ బొటనవేలి ముద్ర. తేదీ, చెయ్యి తెగిన రోజుదే.

"ముద్రకు అడ్డంగా కొడవలి గాటుంది. ఇది నీ వేలు కాదా?"

"నాదే సామీ. ఎట్లొచ్చిందో తెలీదు."

"అమ్ముడుపోయినావు." వకీలు చెంప పగలగొట్టాడు. నరసప్ప పెదవి చిట్లి నెత్తురు కారింది.

గడపలో కూర్చున్న అతని భార్య హనుమంతమ్మ లేచింది.

"కొట్టద్దు సామీ. ఆ పొద్దు ఈయప్ప ఆసుపత్రిలో తెలివి లేకుండా పడుండె. సందకాడ మిల్లు మేస్త్రీ తెగిన సెయ్యిని గోనెపట్టలో సుట్టి తెచ్చిచ్చినాడు. పాతిపెట్టే ముందు పసుపునీళ్లతో కడిగినా. నెత్తురంతా పోయె గానీ, బొటనేలి నలుపు పోలేదు. మిషను సమురనుకొన్యా."

వకీలు అంగీ వదిలేశాడు.

"ఆ ఒక్క వేలికేనా నలుపు?"

"ఒక్కదానికే సామీ."

వకీలు ఆమె చెప్పిందంతా రాసి, సిరా దిమ్మ ముందుకు జరిపాడు.

"ఈడ వేలిముద్ర వెయ్యమ్మా."

హనుమంతమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుంది.