అంతయ్యకు ఇష్టమైన కూర

మూడోనాడు కాకి ముట్టలేదు.

మటన్ కూర, గారెలు, కల్లు సీసా, బీడీ కట్ట... వేటికీ తక్కువ చేయలేదు. ఊరి బయట అంతయ్యను కాల్చిన చోట విస్తరి పెట్టి, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా అందరూ దూరంగా నిలబడ్డారు. కాకులు వచ్చాయి, తుమ్మకొమ్మ మీద కూర్చుని చూశాయి, పోయాయి. చివరికి విస్తరిలోని గారెలు ఆవుకు పెట్టి ఇంటిదారి పట్టారు. పోయినవాడికి ఏదో కోరిక మిగిలితేనే పిట్ట ముట్టదని వాళ్ల పల్లె హిమాయత్‌నగర్‌లో పసిపిల్లను అడిగినా చెబుతుంది.

ఆ కోరిక ఏమిటో అంతయ్య పెండ్లాం సక్కుబాయికి తెలుసు. అందుకే పదకొండోనాడు పొద్దున్నే పొయ్యి ముందు కూర్చుని క్యారెట్లు కోస్తోంది.

“పిట్టకు తీపి కూర పెట్టుడు యాడన్న ఉన్నదా?” అన్నాడు అంతయ్య అన్న యాదయ్య.

“మీ తమ్ముని పానమంత దీని మీదనే, బావా.”

యాదయ్య పొయ్యిలోకి ఇంకో కట్టె తోశాడు. ఇవాళ కూడా ముట్టకపోతే ఇంక పెట్టే రోజు లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

రెండేళ్ల కిందటి దాకా వాళ్లు కౌలు భూమి చేసుకుని బతికారు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు వచ్చాక భూముల ధరలకు రెక్కలొచ్చాయి. ఆసామి ఆ చేను అమ్ముకున్నాడు. చుట్టూ ప్లాట్ల రాళ్లు లేచాక కూలి పనీ కరువైంది. అంతయ్య మొయినాబాద్ అవతల ఒక కంపెనీ పెద్దమనిషి ఫాంహౌసులో పగటి కాపలాకు కుదిరాడు. పొద్దున చాయ్ తాగి పోతే చీకటి పడే వేళకు వచ్చేవాడు.

ఆ రోజుల్లో డబ్బాలో పిండి నాలుగు రొట్టెలకే వచ్చేది. పిల్లలు అశ్విని, శ్రీకాంత్‌లకు చెరొకటి, పెద్దవాళ్లకు చెరొకటి. అంతయ్య రాగానే కాళ్లు కడుక్కుని, రెండు చెంబుల నీళ్లు గటగటా తాగి, తన రొట్టె సక్కుబాయి పళ్లెంలోకి తోసేసేవాడు. తను ఫాంహౌసు బంగ్లాలో తిన్నాడట. కడుపు నిండిందట. ఏం తిన్నావంటే ఇక మొదలు! క్యారెట్లను చిటికెనవేలంత ముక్కలు కోసి, వెన్న వేసి, చక్కెర చల్లి, గిన్నెడు నీళ్లు పోసి ఇగరబెడతారట. నీళ్లన్నీ పోయి ఆ ముక్కలు కొత్త గాజుల్లా మెరుస్తాయట. వాసనైతే గేటు దాకా వస్తుందట. పిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవారు.

“రుచి ఎట్లుంటది, బాపు?” అని అశ్విని అడిగితే, “తియ్యగుంటది, ఇంకెట్లుంటది?” అని నవ్వేవాడు.

సక్కుబాయికి మాత్రం కడుపు మండేది. తన చేతి రొట్టె ఆయనకు చేదైపోయిందని లోలోపల కుమిలిపోయేది. ఆ చివరి పొద్దున కూడా, “పో, ఆ బంగ్లలనే పడి తిను, నా రొట్టె నీకెందుకు!” అనేసింది. ఆయన నవ్వి పోయాడు. మధ్యాహ్నం గేటు తీస్తూ తీస్తూ కూలిపోయాడు. ఒంట్లో నెత్తురే లేదన్నారు దవాఖానలో. రోజూ ఆ తీపి తిని షుగర్ తెచ్చుకున్నాడనే సక్కుబాయి అనుకుంది. అయినా చావుకు ముందు తను అన్న ఆ మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. కాకి ముడితే ఆ మాటను ఆయన మన్నించినట్టే. ఆమెకు కావలసింది అంతే.

ముక్కలు మెత్తబడ్డాయి, నీళ్లు ఇగిరాయి. అంతయ్య చెప్పినట్టే కూర నిగనిగలాడింది. అప్పుడే ఫాంహౌసు వంటమనిషి సాలోమోను వచ్చాడు. వంటలో లోటేమైనా ఉంటే చెబుతాడని ఆమే కబురు పెట్టింది. పిట్టకు పెట్టకముందు ఎంగిలి చేయకూడదు గనక అతను గిన్నె మీదికి వంగి చూశాడు.

“మంచిగొచ్చింది, అక్కా. నిమ్మకాయ పిండినవా?”

“నిమ్మకాయనా? గది ఆయన ఎన్నడు చెప్పలే.”

“నిమ్మకాయ పులుపు లేకుంటే అది ఆ కూరే కాదు. మరి నీకు చేసుడు ఎవలు చెప్పిన్రు?”

“ఆయనే. నీ వంట గురించి చెప్పని రోజు లేదు, తమ్మీ.”

సాలోమోను ఆమె వంక ఒక క్షణం చూసి, తల దించుకుని నిమ్మచెక్క పిండాడు.

ఊరి బయట, అంతయ్యను కాల్చిన చోటనే, విస్తరిలో అన్నం, పప్పు, వాటి పక్కన తీపి క్యారెట్లు. పెట్టి, వెంట వచ్చిన సాలోమోనుతో సహా అందరూ వెనక్కి జరిగారు. యాదయ్య చేతులు జోడించి పిల్లల పూచీ తనదన్నాడు. కాకులు తుమ్మకొమ్మ మీదే ఉండిపోయాయి. అశ్విని అడుగు ముందుకు వేసి, తాను బడి మానేయనని బాపుకు మాటిచ్చింది. ఒక కాకి దిగింది. విస్తరి చుట్టూ తిరిగి, క్యారెట్ ముక్కల ముందు ఆగి, మెడ వంచి చూసి ఎగిరిపోయింది.

సక్కుబాయి నేల మీద కూలబడి, “తప్పైంది, ఎరుక లేక అన్న,” అని బూడిద వంక చూస్తూ ఏడ్చింది. ఆ మాటే పదిసార్లు అంది. పిల్లలు వచ్చి చెరో పక్కన పట్టుకున్నారు. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని, లేచి, గిన్నెలో మిగిలిన కూర తెచ్చి సాలోమోను చేతిలో పెట్టింది.

“నా చెయ్యి ఆయనకు నచ్చుత లేదు, తమ్మీ. బంగ్లల రోజు ఆయన పల్లెంల ఎట్ల పెట్టేటోనివో, గట్లనే నీ చేతితోని జర పెట్టు. నీ చేతిదైతే ముడ్తడు.”

సాలోమోను గిన్నెను కింద పెట్టాడు.

“అక్కా, ఆ బంగ్లల అన్నకు ఒక్క పూట గూడ అన్నం పెట్టలే.”