వేడెక్కిన వాగు

ఇన్‌స్పెక్టర్ సీసాను బల్ల మీద పెట్టి, ఎటో చూస్తూ నిలబడ్డాడు. వాగులో శవమై దొరికిన అమ్మాయి స్వెట్టర్‌ని పట్టుకుని ఉన్న పురుగులు అందులో ఉన్నాయి.

"నేను చూస్తాలే. నువ్వు బయటికి వెళ్ళు" అన్నారు ప్రొఫెసర్.

ఆయన శిష్యురాలు వినిపించుకోలేదు. అప్పటికే మైక్రోస్కోప్ లైటు వేసింది. వాగునీళ్ళు ఏటికేడు వేడెక్కుతుంటే అందులోని పురుగులు ఏమవుతున్నాయో తేల్చడం ఆమె పరిశోధన. ఎండనకా వాననకా మోకాలి లోతు నీళ్ళలో రాళ్ళు తిరగేస్తుంటే, వాగు గట్టున పిల్లలు 'పురుగుల డాక్టరమ్మ' అని పేరు పెట్టారు.

ఇవి ఇసుక రేణువులతో ఒంటి చుట్టూ గొట్టంలా గూడు కట్టుకునే రకం. ఒక గూటికి సగం దాకా ఇసుక, ఆ పైన నీలం ఉన్ని పోగులు. స్వెట్టర్ నీళ్ళలో పడ్డాక కట్టుకున్న భాగమన్నమాట. ఆ పోగుల దగ్గర ఆమె చాలాసేపు ఆగిపోయింది. తర్వాత ఆ ఉన్ని భాగాన్ని కొలిచింది.

ప్రొఫెసర్ ఈ పురుగులు గూడు కట్టే వేగం రాసి ఉన్న పాత పట్టిక తీశారు. అంత గూటికి నెల పడుతుంది. అమ్మాయి కనబడకుండా పోయిందీ నెల కిందటే. కాలు జారి పడి ఆ రోజే పోయి ఉంటుందని, ఇక కేసు మూసేయొచ్చని ఇన్‌స్పెక్టర్ ఊపిరి పీల్చుకున్నాడు. రెండో వారంలోనే వెతకడం ఆపించింది ఆయనే.

"అది చల్లటి నీళ్ళ లెక్క సార్" అందామె. ఇప్పటి వేడికి ఇవి మూడింతలు వేగంగా పెరుగుతున్నాయని, తొట్లలో పెంచి చూశానని చెప్పింది. ఆ స్వెట్టర్ నీళ్ళలో ఉన్నది పది రోజులే.

"నీ లెక్క ఇంకా అచ్చు కాలేదు. పాతదే ఉండనీ అమ్మా" ప్రొఫెసర్ గొంతు బతిమాలుతున్నట్టుంది. "అందరికీ అదే నయం."

ఇన్‌స్పెక్టర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "అంటే, మేం వెతకడం ఆపేనాటికి..."

"బతికే ఉంది."

"అప్పటిదాకా ఎక్కడుంది?"

"అది మీరు కనుక్కోవాలి."

రిపోర్టులో పది రోజులనే రాసింది. సంతకం పెట్టింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళి, నెల రోజులుగా గుమ్మం వదలని తల్లి పక్కన కూర్చుని, "చెల్లి కాలు జారి పడింది, ఆ రోజే పోయిందమ్మా, ఏ బాధా పడలేదు" అని చెప్పింది.