పళ్ళెం ముక్క

షూటింగు మొదలవుతోందని డైరెక్టర్ ఓస్తప్ పింగాణీ పళ్ళేన్ని కెమెరా స్టాండుకేసి భళ్ళున కొట్టాడు. ఒదెసా సినిమావాళ్ళకి అది ఆనవాయితీ. ఆ ముక్కలు తలా ఒకటి పంచుతారు; ముక్క అందినవాళ్ళే యూనిట్ మనుషులని లెక్క.

కెమెరా సొంతదారు సొలొమియాకీ, ఆమె ఇద్దరు సహాయకులకీ ముక్కలు అందలేదు.

"మాకేవండీ?"

"మీరు కెమెరాతో పాటు అద్దెకొచ్చినోళ్ళు కదమ్మా!"

"మరి పళ్ళెం పగలగొట్టడానికి నా స్టాండే దొరికిందా?"

ఓస్తప్ నవ్వేశాడు. సొలొమియా తన భోజనం పళ్ళెంలోని వరేనికీ కుడుములను డబ్బా మూతలోకి ఒంపేసి, ఆ పళ్ళేన్ని అదే స్టాండుకేసి పగలగొట్టింది. సహాయకులిద్దరికీ చెరో ముక్క ఇచ్చింది.

"ఏమిటా పొగరు? ఇక్కడేమైనా రెండు సినిమాలు తీస్తున్నామా?"

"ఒకటే." ఆమె ఒక ముక్క తన జేబులో వేసుకుని, ఇంకొకటి అతని చేతిలో పెట్టింది. "ఉంచుకోండి డైరెక్టర్ గారూ. మీరూ మా మనిషే."